మైపాడు నుంచి పెన్నా మొగ దాకా నడవాలంటే: ముందు తిథి చూడండి, తర్వాత వంతెనలు

మీరు అడిగింది ఇదీ: నెల్లూరులో దిగి మైపాడు వెళ్లి, అక్కడినుంచి ఉత్తరంగా తీరం వెంట పెన్న సముద్రంలో కలిసే చోటుదాకా, అంటే మొగ దాకా నడవాలి. వీలైతే అవతలి గట్టుకు దాటి ఊటుకూరు మీదుగా రామతీర్థం వైపు పోవాలి. మొత్తం ఐదుగురు, అందులో ఒకరికి అరవై దగ్గర పడ్డాయి, మోకాళ్ల నొప్పి ఉంది. ఏ నెల మంచిది, ఎంతసేపు పడుతుంది, ఏం తీసుకెళ్లాలి అని మీ ప్రశ్న.

దాటే సంగతి మొదట తేల్చేస్తాను. మొగ దగ్గర పెన్నను నడిచి దాటే ఆలోచన పూర్తిగా మానుకోండి. వేసవిలో చూస్తే అవతలి గట్టు చేతికి అందేట్టు ఉంటుంది, మధ్యలో ఇసుక మేటలు తేలి ఉంటాయి, నీళ్లు మోకాటి లోతే అనిపిస్తాయి. కానీ పోటు వచ్చేటప్పుడు సముద్రం ఆ సందులోంచే లోపలికి తోసుకొస్తుంది, వెనక్కి తగ్గేటప్పుడు అంతకన్నా వడిగా బయటికి లాగుతుంది. అడుగున ఇసుక నిలకడగా ఉండదు, నిన్న మోకాలు లోతున్న చోట ఇవాళ నిలువు లోతు ఉండొచ్చు. ఊటుకూరు వైపు చూడాలంటే నెల్లూరు వచ్చి, వంతెన దాటి, కోవూరు, విడవలూరు మీదుగా బండిలో వెళ్లండి. యాభై కిలోమీటర్లకు పైనే ఉంటుంది, అది ఇంకో రోజు పని. రామతీర్థంలో రామలింగేశ్వరస్వామి గుడి దగ్గర మొదలుపెట్టి ఊటుకూరు వైపు దిగి వస్తే అది విడిగా మంచి నడక.

ఇక మైపాడు నుంచి మొగ దాకా. నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లలోపే. ఆర్టీసీ బస్సులున్నాయి, మైపాడు గేటు వైపు నుంచి ఆటోలూ దొరుకుతాయి. కానీ తెల్లవారే సరికి ఇసుక మీద ఉండాలంటే సొంత బండి గానీ, ముందురోజు మాట్లాడుకున్న ఆటో గానీ ఉండాలి. బీచ్ నుంచి మొగకు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు. కచ్చితంగా చెప్పలేకపోవడానికి కారణముంది. మొగ దగ్గర ఇసుక నాలుక ఏటేటా మారుతుంది. నైరుతి గాలుల కాలంలో కెరటాలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి, ఈశాన్య రుతుపవనాల్లో ఉత్తరం నుంచి దక్షిణానికి తెస్తాయి. పైనుంచి పెన్న వరద వస్తే కట్టుకున్నదంతా ఒక్క రాత్రిలో కోసుకుపోతుంది. ఫోన్ మ్యాపులో కనిపించే ఇసుక రెండేళ్ల కిందటిది కావచ్చు. ఆ నాలుక కొస మీద మీ కాళ్ల కింద నేల ఉందో లేదో మ్యాపు చెప్పదు.

రాను పోను 18 కిలోమీటర్లు. రోడ్డు మీద 18 అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు పెద్ద లెక్క కాదు. ఇక్కడ అది ఏ ఇసుక మీద నడుస్తున్నారన్నదాని మీద ఉంటుంది. తడి గట్టి ఇసుక మీద గంటకు 4 కిలోమీటర్లు హాయిగా పోవచ్చు. పొడి మెత్తటి ఇసుకలో రెండున్నర దాటదు, పైగా గట్టి నేల మీద నడిచేదానికి రెట్టింపు పైనే శక్తి ఖర్చవుతుంది. అంటే తడి ఇసుక దొరికితే మొగ రెండుంబావు గంటల దూరం, దొరక్కపోతే నాలుగు గంటల దూరం. దారి మాత్రం అదే.

అందుకే నెల చూసేముందు తిథి చూడమంటున్నాను. మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు పైకి ఎక్కడం), రెండు పాట్లు (నీరు వెనక్కి తగ్గడం). అమావాస్యకు, పున్నమికి పోటు పొద్దున ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర మధ్య వస్తుంది. మళ్లీ రాత్రి అదే వేళకు. నీరు బాగా వెనక్కి పోయేది తెల్లవారుజాము మూడింటికి, మధ్యాహ్నం మూడింటికి. ఆ తర్వాత రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. లెక్క వేసుకోండి: చవితి నాటికి పాటు ఉదయం ఆరు ప్రాంతానికి వస్తుంది, షష్ఠికి ఏడున్నర, సప్తమికి ఎనిమిదిన్నర. కాబట్టి పొద్దున నడకకు చవితి నుంచి సప్తమి దాకా ఉన్న నాలుగు రోజులు బంగారం లాంటివి. శుక్లపక్షంలో ఒకసారి, బహుళపక్షంలో ఒకసారి, నెలకు రెండు విడతలు. అలా కాకుండా ద్వాదశి నుంచి పాడ్యమి లోపు పొద్దున్నే బయల్దేరితే మీరు నడిచే వేళకే నీరు బాగా పైన ఉండి, గట్టి ఇసుకనంతా ముంచేసి మిమ్మల్ని మెత్తటి ఇసుకలోకి తోస్తుంది. చాలామంది ఆదివారం పున్నమి కలిసొచ్చిందని ఎంచుకుని, పది గంటలకల్లా కాళ్లు లాగేసి సగంలో వెనక్కి తిరిగేది ఇందుకే. సాయంత్రం నడవాలనుకుంటే మాత్రం పాడ్యమి, విదియ, తదియ బాగుంటాయి.

ఇది చేతి లెక్క. కచ్చితమైన వేళకు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే ఆటుపోట్ల పట్టిక చూడండి. అక్కడే ఎత్తు అలల హెచ్చరికలూ ఉంటాయి. ఆకాశం నిర్మలంగా ఉన్నా, గాలి లేకున్నా, దూరపు సముద్రంలో పుట్టిన ఉప్పెన కెరటాలు మన ఒడ్డుకు కొట్టే రోజులుంటాయి. హెచ్చరిక ఉంటే ఆ రోజు వెళ్లకండి. పున్నమికి పోటు, పాటు మధ్య ఎత్తు తేడా సుమారు మీటరు, అష్టమికి అందులో సగం కూడా ఉండదు. మీటరే కదా అనుకోవద్దు. మన ఒడ్డు వాలుకు మీటరు ఎత్తు తేడా అంటే అడ్డంగా పది, పదిహేను మీటర్ల ఇసుక పోయినట్టే.

గట్టి ఇసుకను గుర్తుపట్టడం తేలిక. పాదం మోపినప్పుడు చుట్టూ ఇసుక ఒక్క క్షణం తెల్లబడి ఎండినట్టు కనిపించి, కాలు తీయగానే మళ్లీ తడి తేలితే అది గట్టిగా సర్దుకున్న ఇసుక. దాని మీదే నడవండి. పైన సూది మొనలంత చిల్లులు, కింద గాలి బుడగలు ఉండి మడమ ఉస్సుమని దిగిపోతే అది గుల్ల ఇసుక, రెండడుగులు నీటి వైపో, రెండడుగులు పైకో జరగండి. సాధారణంగా అప్పుడే వెనక్కి పోయిన అల తడి ఆరకముందు ఉన్న పట్టీ అన్నిటికన్నా బాగుంటుంది. ఇంకా పైన గవ్వలు, పుల్లలు, నాచు పేరుకున్న గీత కనిపిస్తుంది. రాత్రి పోటు అక్కడిదాకా వచ్చిందని గుర్తు. సంచులు దింపి కూర్చోవాలంటే ఆ గీతకు పైనే.

ఒడ్డు వాలుగా ఉంటుందని మరిచిపోవద్దు. ఉత్తరంగా పోతుంటే సముద్రం కుడివైపు, కాబట్టి కుడికాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. రెండు గంటలు అలా నడిస్తే కుడి చీలమండ, ఎడమ తుంటి చెప్పకుండానే తెలుస్తాయి. తిరిగి వచ్చేటప్పుడు ఎడమకాలు పల్లంలో పడి కొంత సరిపోతుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు దూరం కన్నా ఈ వాలు ఎక్కువ బాధ పెడుతుంది. మీ పెద్దాయనను మొగ దాకా తీసుకెళ్లకండి. ఆయనకు రెండు కిలోమీటర్లు పోయి, రెండు కిలోమీటర్లు రావడం చాలు, అదీ వాలు తక్కువగా ఉండే పాటు వేళ, నీటి అంచున. ఎవరో ఒకరు ఆయనతో వెనక్కి రావాలని బయల్దేరకముందే అనుకోండి, దారిలో అనుకుంటే ఎవరూ ఒప్పుకోరు.

ఇప్పుడు వంతెనల మాట. తీరానికి సమాంతరంగా లోపల బకింగ్‌హాం కాలువ పోతుంది. ధాత కరువులో పనులు లేక జనం అల్లాడుతున్నప్పుడు, 1877-78 ప్రాంతంలో, పొట్టకూటి పనిగా తవ్వించి కలిపిన కాలువ ఇది, అప్పటి మద్రాసు గవర్నరు పేరే దీనికి పెట్టారు. మైపాడు రోడ్డు ఈ కాలువను దాటే సముద్రం దగ్గరికి వస్తుంది. అంటే మీరు నడిచేది ఒకపక్క సముద్రం, ఒకపక్క కాలువ, కొసన పెన్న ఉన్న ఇరుకు నేల మీద. మ్యాపులో ఒడ్డుకు వచ్చే బండ్ల బాటలు ఎన్నో కనిపిస్తాయి, అవన్నీ బయటపడే దారులు కావు. సరుగుడు తోటల్లోకో, రొయ్యల గుంటల దగ్గరికో పోయి ఆగిపోతాయి. ఎవరికైనా కాలు బెణికినా, ఎండ దెబ్బ తగిలినా బండి ఎక్కడిదాకా రాగలదు అన్నది కాలువ మీద వంతెన ఎక్కడుందన్నదాన్ని బట్టే ఉంటుంది. ముందురోజు ఉపగ్రహ చిత్రంలో కాలువ వెంట వేలు పెట్టి పోతూ, వంతెన నుంచి ఒడ్డుకు తెగకుండా వచ్చే ప్రతి బాటనూ ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. మైపాడులో బోట్ల దగ్గర ఉండేవాళ్లను, "అన్నా, ఈ దోవన ఆటో వస్తదా?" అని అడిగి ఖాయం చేసుకోండి. వాళ్ల మాట మ్యాపు కన్నా నమ్మకం.

కాలువను ఈది గానీ, నడిచి గానీ దాటే ప్రయత్నం వద్దు. నీళ్లు కదలనట్టే ఉంటాయి, కింద బురద తొడల దాకా ఉంటుంది, గట్ల మీద ఆల్చిప్పలు కత్తుల్లా ఉంటాయి.

కాలువ కట్ట మీద నడుస్తూ పోవచ్చా అని కొందరు అడుగుతారు. కొంత దూరం బాగానే ఉంటుంది, తర్వాత చిల్లకంప మూసేస్తుంది. చిల్ల ముల్లు మామూలు చెప్పును చీల్చుకుని పాదంలో దిగి విరుగుతుంది, ఆ ముక్క తీయకపోతే రెండో రోజుకు చీము పడుతుంది. రొయ్యల గుంటల కట్టలు ఇంకా చెడ్డవి: జారుడు గట్లు, నేలమీద పరిచిన మోటార్ల కరెంటు తీగలు, కాపలా కుక్కలు. అవి ఒకరి బతుకుదెరువు కూడా, అడగకుండా అడుగుపెట్టొద్దు. ఇసుక దిబ్బల మీద సరుగుడు తోపుల నీడ ఉంటుంది, కూర్చోవడానికి మంచిది. అక్కడికి ఎక్కేటప్పుడు రావణాసురుడి మీసాలు చూసుకోండి. ఆ గడ్డి మొనలు పిక్కల్లో గుచ్చుకుంటాయి. అది, బాలబండ తీగ, ఈ రెండే ఆ ఇసుకను పట్టి ఉంచుతున్నాయి, తొక్కి పీకి బాట చేయకండి. ఎండుటాకుల్లో పింజర్లు ఉంటాయి, చూడకుండా చేయి పెట్టొద్దు.

నెలల మాటకొస్తే జనవరి మూడో వారం నుంచి మార్చి మొదటి వారం దాకా మేలు. నెల్లూరుకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే, వాయుగుండాలూ అప్పుడే. ఆ మూడు నెలలూ ఒడ్డు కోసుకుపోయి, మామూలప్పుడు లేని చోట పొలాల మురుగు నీళ్లు ఇసుకను తెంచుకుని సముద్రంలో పడుతుంటాయి. పెన్న మీది సోమశిల జలాశయం గేట్లు ఎత్తారని విన్నారంటే మొగ వైపు వెళ్లనే వద్దు. 2021 నవంబరు వరద చూసినవాళ్లకు ఈ మాట మళ్లీ చెప్పక్కర్లేదు. జనవరిలో తెల్లవారేది ఆరున్నర దాటాకే. మసక వెలుతురులో ఆరుంబావుకు బయల్దేరితే ఎనిమిదిన్నరకు మొగ దగ్గర ఉంటారు. అరగంట కూర్చుని తొమ్మిదికి తిరిగితే పదకొండున్నర లోపు మైపాడు. ఈశాన్యపు గాలి పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వెన్నుతట్టు, అలసిన కాళ్లకు అదే మేలు. ఏడున్నరకల్లా ఇంకా సగం దూరం కూడా కాకపోతే అక్కడే వెనక్కి తిరగండి. మొగ ఎక్కడికీ పోదు.

మార్చి చివరి నుంచి లెక్క మారుతుంది. సముద్రపు గాలి తిరిగేదాకా ఒడ్డు మీద కూడా ఉక్కే. మే నెలలో పడమటి గాలి తోలే రోజుల్లో సముద్రం పక్కనున్నా నిప్పుల కొలిమి, సముద్రపు గాలి మధ్యాహ్నం దాటినా రాదు. రోహిణి కార్తెలో మొగ నడక పెట్టుకోవడం ప్రమాదం. వేసవిలో నడవాలనే ఉంటే ఐదున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించండి, నాలుగు కిలోమీటర్లు పోయి రండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం, అప్పుడు బోట్లన్నీ ఒడ్డున ఉంటాయి, వల బాగుచేతలు జరుగుతుంటాయి, నడిచే చోటు తగ్గుతుంది.

నీళ్లు మనిషికి గంటకు అరలీటరు చొప్పున చూసుకోండి. జనవరిలో మొగ దాకా రాను పోను 3 లీటర్లు, ఫిబ్రవరి దాటితే 4. మైపాడు వదిలాక తాగునీరు దొరుకుతుందని లెక్కలో పెట్టుకోవద్దు. సగం నీళ్లు అయిపోయాయంటే ఎక్కడున్నా అదే మీ మలుపు. ఓఆర్ఎస్ పొట్లాలు మనిషికి రెండు, పెద్ద పొట్లం ఒకటి సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. అరలీటరు సీసాలో కలిపితే ఉప్పు ఎక్కువై మేలుకు బదులు చెడు చేస్తుంది. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తల కొట్టి. తినడానికి అరటిపళ్లు, వేరుశనగ ఉండలు తీసుకెళ్లండి. పెరుగన్నం మాత్రం వద్దు, ఎండకు పులుస్తుంది.

కాళ్లకు వెనక పట్టీ ఉన్న శాండిల్స్ మంచివి. జాలీ బూట్లలోకి సన్న ఇసుక దూరి, తడికి గడ్డకట్టి, గంటలో బొబ్బలు లేపుతుంది. బూట్లే వేసుకుంటే మేజోళ్లు రెండు జతలు, సగం దారిలో మార్చుకోండి. వేళ్ల సందుల్లో, తొడల మధ్య వాజలిన్ గానీ కొబ్బరినూనె గానీ ముందే రాయండి, ఉప్పు నీళ్లు తగిలిన చర్మం ఒరుసుకుంటే నడక అక్కడితో ఆగుతుంది. ఉత్త కాళ్లతో జాలరుల పాలెం దగ్గర నడవొద్దు, గాలాలు, తెగిన వల ముక్కలు, సీసా పెంకులు ఇసుకలో ఉంటాయి. రొయ్యపిల్లల హేచరీలున్న చోట సముద్రంలోకి వేసిన గొట్టాల కొసలు పాటు వేళ బయటపడతాయి, వాటిని తన్నుకోవద్దు. ఐదడుగుల సరుగుడు కర్ర ఒకటి మనిషికి ఉండాలి. కుక్కలకూ పనికొస్తుంది, ఊబికీ పనికొస్తుంది.

ఊబి గురించి ఇంకొంచెం చెప్పాలి. ఆఖరి కిలోమీటరులో, పెన్న వైపు లోపలి అంచున, పైన ఎండి పగుళ్లిచ్చిన పొర, కింద నల్లటి మెత్తటి ఒండ్రు ఉండే చోట్లుంటాయి. సముద్రం వైపు అంచు ఎప్పుడూ నయం, నది వైపు అంచు ఎప్పుడూ అనుమానమే. ఇసుక రంగు పసుపు నుంచి బూడిదకు మారి, ఎండలో నూనె రాసినట్టు మెరిస్తే కర్రతో పొడవండి. జానెడు దిగితే ఆ వైపు పోవద్దు. కాలు దిగిపోతే పక్కవాళ్లు దగ్గరికి పరిగెత్తకూడదు. దిగినవాళ్లు కంగారుగా రెండో కాలితో బలం పెట్టకూడదు. వెనక్కి వాలి కూర్చుని, బరువు పిరుదుల మీద వేసి, మోకాలు అటూ ఇటూ మెల్లగా ఆడిస్తే కాలి చుట్టూ నీళ్లు చేరి పట్టు వదులుతుంది. అప్పుడు ఒక్కో కాలు తీయాలి, చెప్పు పోతే పోనివ్వాలి.

మొగ దగ్గరి లోతులేని నీళ్లలో టేకు చేపలు ఇసుక కప్పుకుని పడుకుంటాయి, తోకముల్లు గుచ్చితే నొప్పి భరించలేరు. కాళ్లు కడుక్కోవాలన్నా పాదం ఎత్తి వేయకుండా ఈడుస్తూ పోతే అది తప్పుకుంటుంది. గుచ్చితే కాలు ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో పెట్టడం నొప్పిని తగ్గిస్తుంది, ముల్లు ముక్క లోపలుంటే ఆసుపత్రికే. ఈత మాత్రం ఎక్కడా వద్దు. అలలు వరసగా విరుగుతూ మధ్యలో ఒకచోట విరగకుండా ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో ఉందంటే చాలామంది అదే భద్రమైన చోటనుకుని దిగుతారు. ఒడ్డుకు చేరిన నీళ్లన్నీ లోపలికి తిరిగిపోయే దారి అదే. అందులో చిక్కితే ఒడ్డు వైపు కొట్టుకోకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి.

పాలెం దాటేటప్పుడు ఒడ్డు నుంచి తాళ్లతో అలివి వల లాగుతుంటే ఆగండి. బిగిసిన తాడు మీదుగా దాటడం, కింద నుంచి దూరడం రెండూ వద్దు, అల లాగినప్పుడు తాడు ఎగిరి కొడుతుంది. వెనకగా, లాగేవాళ్ల వీపుల వెనక నుంచి పోండి. పరిచిన వలల మీద, ఎండుచేపల మీద కాలు పెట్టొద్దు. వల విదిలించిన చోట సముద్రపు పాములు పడి ఉంటాయి, చచ్చినట్టున్నా ముట్టుకోవద్దు.

మీరు వెళ్లే నెలల్లోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. పొద్దున్నే ఇసుకలో చిన్న ట్రాక్టరు టైరు జాడలాంటిది నీటి నుంచి పైకి పోయి మళ్లీ దిగినట్టు కనిపిస్తే అది తల్లి తాబేలు దారి. ఆ పైన కెలికిన ఇసుక కింద గుడ్లు ఉంటాయి. చుట్టూ తిరిగి పోండి, తవ్వకండి, పక్కన మంట వేయకండి, తెల్లవారకముందు ఒడ్డు మీద టార్చి వేయకండి. చట్టం కూడా వాటికి పెద్దపులితో సమానమైన రక్షణ ఇచ్చింది.

బయల్దేరేముందు తిరిగొచ్చే వేళ, మలుపు వేళ మైపాడులో ఉండే ఒకరికి చెప్పండి. ప్రమాదానికి 112, అంబులెన్సుకు 108, నీటిలో ఆపదకు కోస్టుగార్డు 1554. ఉరుము వినిపిస్తే ఒంటరి తాటిచెట్టు కిందికి పోవద్దు, తుఫాను షెల్టరు గానీ పక్కా ఇల్లు గానీ చూసుకోండి.

దక్షిణం వైపు ఎలా ఉంటుందని కూడా అడుగుతారేమో. మైపాడు నుంచి కొత్తకోడూరు వైపు నడక బాగుంటుంది, మొగ లాంటి చిక్కు లేదు. ఇంకా కిందికి పోతే కృష్ణపట్నం రేవు, కండలేరు ఉప్పుటేరు అడ్డం, అక్కడ తీరం వెంట దారి లేదు. అసలైన పొడుగాటి నేలనాలుక శ్రీహరికోట, పులికాట్‌కూ సముద్రానికీ మధ్యది. 2022 ఏప్రిల్లో అది తిరుపతి జిల్లాలో కలిసింది. ఇస్రో రాకెట్ కేంద్రం షార్ ఉంది కాబట్టి అక్కడ ఒడ్డున నడవనివ్వరు. మీ పెద్దాయన కోసం ఒక రోజు అదనంగా ఉంటే కొత్తకోడూరులో పాడ్యమి, విదియ సాయంత్రాలు నాలుగింటికి మొదలుపెట్టి చీకటి పడేలోపు నడిచి రండి. ఆ వేళకు నీరు బాగా వెనక్కి పోయి ఉంటుంది, ఇసుక వెడల్పుగా, చదునుగా, మోకాళ్లకు సాయంగా ఉంటుంది.